గుండె నిలిపే విద్య బడిలోనే నేర్పాలి

2017 మార్చి 12న నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డికి ఆళ్లగడ్డలోని స్వగృహంలో గుండెపోటు వచ్చింది. నంద్యాలకు తరలించినా ప్రాణం దక్కలేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. కార్లున్న ఇంటి సంగతే అలా ఉంటే, అహోబిలం దారి పల్లెల్లో రైతు పొలంలోనే కుప్పకూలితే గతేమిటి?

గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 108 బండి అంతలో రాలేదు, పక్కనున్నవాడే దిక్కు. మనవాళ్లేమో మొహాన నీళ్లు చల్లుతారు, చేతిలో తాళాలు పెడతారు. స్పృహ, శ్వాస రెండూ లేకుంటే రొమ్ము నడుమ అరచేతులు ఒకదానిపై ఒకటి ఆనించి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. కె.సి. కాలువలో మునిగినవారికి నోటితో ఊపిరి కూడా ఊదాలి. కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులు చేసి తిప్పడం కాలహరణమే.

డెన్మార్కులో 2005 నుంచి బడిపిల్లలకు ఈ శిక్షణ నిర్బంధం. మన విద్యాశాఖ ఎనిమిది నుంచి పదో తరగతి వరకు ఏటా రెండు పూటలైనా ఇందుకు కేటాయించాలి. నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాలవారు ముందు డ్రిల్లు మాస్టర్లకు నేర్పితే చాలు. బొమ్మలకు నిధులు లేవంటారేమో! వడ్లపొట్టు కూరిన గోతాం మీద మొదలుపెట్టవచ్చు.