గ్యాసు పైపుల్లో, కుర్రాళ్లు విమానాల్లో!

మామిడికుదురు మండలం దేశానికి గ్యాసు ఇచ్చింది. బదులుగా పుచ్చుకున్నదేమిటి? మంట! 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా బలయ్యారు. ఆ గ్యాసు వెళ్లేదెక్కడికి? కొండపల్లి కరెంటు ప్లాంటుకు!

రిగ్గుకు కోట్లు కావాలి, చేతులు అక్కర్లేదు. పని కోసం జనం అల్లాడే దేశంలో డబ్బు మింగి మనుషుల్ని వద్దనే పరిశ్రమ పెట్టి, దానికి అభివృద్ధి అని పేరు! 2011లో గిట్టుబాటు లేక కోనసీమ రైతు పంట విరామం ప్రకటిస్తే కూలికి నాట్ల పనీ పోయింది. ఇక మిగిలింది ఏజెంటుకు అప్పు చేసి కట్టడం, కువైట్ వంటింటికి పోవడం.

2019లో పరిశ్రమల ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకేనని చట్టం చేశారు. 2022లో జిల్లా ఇచ్చారు. శాతాలు, బోర్డులు కడుపు నింపుతాయా?

తెలంగాణ నీళ్లు, నిధులతోపాటు నియామకాలూ అడిగి 2014లో రాష్ట్రం సాధించుకుంది. అక్కడా 2023లో ప్రశ్నపత్రాల లీకు నిరుద్యోగి నోట మట్టి కొట్టింది. విద్యార్థులారా, ఉద్యోగులారా! రాష్ట్రం అడుగుదాం. ఏ బావి దగ్గర ఎందరు మనవాళ్లో, ఎంత జీతమో ఆ లెక్క కూడా ఇప్పుడే అడుగుదాం!