కళాశాల పిల్లలకు లాప్‌టాప్



కళాశాలలు తెరచు దినములు వచ్చినవనగానే మన యిండ్లలో క్రొత్త చింత యొకటి బయలుదేరుచున్నది. పిల్లలకు లాప్‌టాప్ కొనవలెను, ఏది కొనవలెను? ఎంత పెట్టవలెను? నేను ఈ విషయమున పండితుడను కాను. హోసూరులో కిరాణా వర్తకము చేసికొనువాడను, మెట్రిక్యులేషను వరకు చదివినవాడను. ఐనను ఒకసారి పొరబడినవాని మాట పదిమందికి పనికివచ్చునని వ్రాయుచున్నాను.

మా పెద్దమ్మాయి బి.కాం.లో చేరినప్పుడు అంగడివాడు ఆటల కొరకు చేసిన ఖరీదైన యంత్రమును చూపెను. మీటల క్రింద రంగు దీపములు వెలుగుచుండగా మురిసి, వాయిదాలమీద తీసికొంటిని. అది రెండున్నర కిలోల బరువు. కరెంటు లేనిదే రెండు గంటలకు మించి నడువదు. అమ్మాయి దానిని మోయలేక యింటనే విడిచినది. వాయిదాలు మాత్రము పదునెనిమిది నెలలు నన్ను విడువలేదు. అప్పుచేసి పప్పుకూడని పెద్దలు ఊరకనే అనలేదు.

ఈ యేడు కుమారుని వంతు వచ్చినది. ఈ మారు అంగడికంటె ముందు అధ్యాపకులనడిగితిని. వ్యాసములు వ్రాయుటకు, లెక్కల పట్టికలు వేయుటకు, పాఠములు వినుటకు 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్.ఎస్.డి. చాలునని వారు చెప్పిరి. కోర్ ఐ3 గాని, రైజన్ 3 గాని ఈ పనులకు సరిపోవును. ఇంజనీరింగు చిత్రములు, వీడియో కూర్పు నేర్చువారికి మాత్రము అంతకంటె శక్తి కావలెను. బరువు కిలోన్నరకు మించునా, ర్యామ్ తరువాత పెంచుకొను వీలున్నదా, మన ఊరిలో మరమ్మతు దొరకునా అని విచారింపవలెను. వాడిన యంత్రము కొనుటలో నామోషీ లేదు. కాని విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, విండోస్ 11 నడుచునో లేదో చూచి కొనవలెను. వ్రాతపనికి లిబ్రె ఆఫీసు ఉచితముగా లభించును. రసీదు లేని సరుకు ఎంత చౌకయైనను ముట్టరాదు. ఇది వర్తకుని మాట.

ఇక నా మనసులోని మాట. మన బిడ్డలు బడిలో తమిళము, ఇంగ్లీషు వ్రాయుదురు; తెలుగు నోటనున్నది గాని చేతికి రాలేదు. ఈ యంత్రము ఆ లోటు తీర్పగలదు. విండోస్‌లో భాషల పట్టికయందు తెలుగును చేర్చిన చాలును. కాసు ఖర్చు లేదు. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతములు ఎడమచేతివైపు, హల్లులు కుడిచేతివైపు నుండును. యూనికోడ్‌లో వ్రాసినది నేటి యంత్రములన్నిటను తెలుగుగానే కనబడును. మా వాడు తెలుగు చేర్చిననాడు వాని అవ్వ చెప్పగా నాలుగు పంక్తులు కొట్టుటకు అరగంట పట్టినది. పట్టనిండు. వాడు తెలుగున వ్రాసిన మొదటి ఉత్తరమది.

కావున అప్పు చేయక, అవసరమైనంతే కొనుడు. కొన్ననాడే తెలుగు చేర్పుడు. ఆదివారము మధ్యాహ్నములలో మన సంఘ భవనమున టైపు నేర్పుటకు తెలిసిన యువకులు ముందుకు రావలెను. బల్లలకు, కాఫీకి అగు ఖర్చు నాది.