బొమ్మ రైలు నేర్పు పాఠం

రైలు పట్టా లేని ఊరిలో కూర్చుండి రైలును గురించి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. మన చిలమత్తూరుకు రైలు లేదు. రైలు కావలెనన్నవారు బస్సెక్కి హిందూపురం పోవలసినదే. వాన మొగం చాటేసి వేరుశనగ చేను ఎండిన ఏట మనవారు కొందరు రహదారి బస్సులోను, కొందరు హిందూపురం నుండి రైలులోను బెంగుళూరు చేరి పొట్ట పోసుకుంటారు. రైలు మనకు వినోదం కాదు, బ్రతుకు తెరువు. కనుకనే ఆ బండి ఎట్లు నడుచునో, ఎట్లు ఆగునో మన పిల్లలు తెలిసికొనుట అవసరమని నా అభిప్రాయం.

ఒకనాడు భౌతికశాస్త్ర తరగతిలో ఒక విద్యార్థి నన్ను అడిగినాడు: “ఒకే పట్టా మీద ముందొక బండి, వెనుకొక బండి పోతూ ఉంటే, వెనుక బండివానికి ముందు బండి ఉన్నదని ఎవరు చెబుతారు సార్?” నల్లబల్ల మీద గీతలు గీచి చెప్పజూచినాను. అతడు తల ఊపినాడు గాని అతనికి తృప్తి కలుగలేదు. నాకూ కలుగలేదు. రైల్వే నియామక పరీక్షలకు చదివే మన పిల్లలు ఏ మండలానికి ఏ ఊరు కేంద్రమో, ఏ వంతెన ఎంత పొడవో గడగడ అప్పగించగలరు. సిగ్నల్ ఎర్రగా ఎందుకు మారునో మాత్రం వారిలో చాలమందికి తెలియదు. ఈ వెలితిని తీర్చుటకు బొమ్మ రైలును మించిన సాధనం లేదని ఆనాటినుండి నమ్ముతున్నాను.

బొమ్మ అనగానే తేలికగా చూడరాదు. జర్మనీ దేశపు మార్క్లిన్ సంస్థ 1891లోనే ఒకదానికొకటి అతుకగల పట్టాలతో బొమ్మ రైళ్లను ప్రదర్శించినది. నేడు లోకంలో ఎక్కువగా వాడుకలో ఉన్న కొలత హెచ్‌.ఓ. అనబడేది. అందులో ప్రతి వస్తువు అసలులో 87వ వంతు. పట్టాల నడుమ ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఇచటనే ఒక చిన్న లెక్క ఎదురవుతుంది. ఈ ఎడం ఐరోపా దేశాల 1435 మిల్లీమీటర్ల పట్టాకు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లకు పైగా రావలెను. కావున మన దేశపు ఇంజనును ఆ పట్టా మీద నడిపేవారు దాదాపు మూడు మిల్లీమీటర్ల అబద్ధంతో సర్దుకొంటున్నారు. గుంతకల్లు–బెంగుళూరు మార్గం ఒకప్పుడు మీటరుగేజి అని మన పెద్దలకు గుర్తే. ఆ మార్గాన్ని అదే కొలతలో తయారు చేయబూనితే పట్టాల ఎడం పదకొండున్నర మిల్లీమీటర్లు రావలెను. నిష్పత్తి అను అధ్యాయం ఇంత రుచిగా ఏ పుస్తకంలో ఉన్నది?

ఇక నడపుట. పాత పద్ధతిలో పట్టాలలోనికి సుమారు 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పంపుతారు. వోల్టులు పెరిగితే వేగం పెరుగుతుంది. ధన ఋణాలను తారుమారు చేస్తే బండి వెనుకకు పోతుంది. అయితే ఆ పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ ఒక్కసారే కదులుతాయి. అందుచేత పట్టాను ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క మీట పెట్టవలసి వచ్చినది.

కొత్తదైన డిజిటల్ పద్ధతి వేరు. జర్మనీలో లెంజ్ సంస్థ రూపొందించిన విధానాన్ని ఆధారంగా గైకొని, 1935లో ఏర్పడిన అమెరికా నమూనా రైల్వే సంఘం 1990 దశకంలో దానిని ప్రమాణంగా స్థిరపరచినది. ఇందులో పట్టాలలో విద్యుత్తు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆ విద్యుత్తు దిశ క్షణంలో వేలసార్లు మారుతూ, ఆ మార్పులోనే ఆజ్ఞను మోసుకొని పోతుంది. 58 మైక్రో సెకన్ల పొట్టి స్పందన ‘ఒకటి’, 100 మైక్రో సెకన్ల పొడవు స్పందన ‘సున్న’. ప్రతి ఇంజనులోను ఆజ్ఞను చదువుకొనే చిన్న పలక, దానికొక సంఖ్య ఉంటాయి. ఇది మన తరగతిలో హాజరు పిలిచినట్లే. అధ్యాపకుడు “మూడు” అని పిలిస్తే అందరి చెవులకూ వినపడుతుంది, మూడవ సంఖ్యవాడు మాత్రమే లేచి పలుకుతాడు. ఆజ్ఞ చివర సరిచూచుకొనుటకు ఒక మాట అదనంగా పంపుతారు. లెక్క తప్పితే ఇంజను ఆ ఆజ్ఞను పాటించదు.

ఇంత వరకు విన్నవారు “అయితే నేరుగా డిజిటల్ పద్ధతితోనే మొదలు పెడదాము” అంటారు. నా అభిప్రాయం దీనికి భిన్నం. పాత పద్ధతిలో ముక్కల మీటలు చాదస్తమే గాని, విద్యుత్తు లేని ముక్కలోనికి బండి పోలేదు. డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనుకూ స్వేచ్ఛ వచ్చినది. దానితోపాటు ఒకదానికొకటి ఎదురుపడి గుద్దుకొనే స్వేచ్ఛ కూడా వచ్చినది. అదుపు వేరు, రక్షణ వేరు. కోరినట్లు నడిపించుట ఒక విద్య. నడువరాని చోట ఆపుట మరొక విద్య. రెండవది రాకుండా మొదటిది నేర్చుట ప్రమాదం.

ఈ మాట బొమ్మకే పరిమితం కాదు. 2012 మే 22 తెల్లవారుజామున బెంగుళూరు పోతున్న హంపీ ఎక్స్‌ప్రెస్ మన పొరుగున ఉన్న పెనుకొండ స్టేషనులో, నిలిచి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. సుమారు 25 మంది మరణించినారు. ఆగవలసిన సిగ్నల్ వద్ద బండి ఆగలేదని ప్రాథమిక విచారణలో తేలినది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజారు స్టేషనులో 290 మందికి పైగా అసువులు బాసినారు. అచట సిగ్నల్ తీగల మార్పులో జరిగిన పొరపాటు ఎవరి కంటా పడక నిలిచిపోయినదని విచారణ చెప్పినది. ఒక చోట మనిషి కన్ను తప్పినది, మరొక చోట తీగ తప్పినది. 2020లో జాతీయ రక్షణ వ్యవస్థగా స్వీకరించిన ‘కవచ్’, తొలి ప్రయోగాలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగినది, ఇటువంటి తప్పులలో మొదటిదానిని అడ్డుకొనుటకే పుట్టినది. డ్రైవరు ఎర్ర దీపాన్ని దాటబోతే అది తనంతట తాను బ్రేకు వేస్తుంది. రేపు దానిని అమర్చి, సరిచూచి, కాపాడవలసినవారు ఎవరు? మన బెంచీల మీద కూర్చున్న పిల్లలు కారాదా?

“ఇది ధనవంతుల వేడుక కదా, బోరులో నీరు అడుగంటిన ఊరిలో ఎందుకు?” అని ఆక్షేపించేవారున్నారు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. విదేశాల నుండి వచ్చే ఒక డిజిటల్ ఇంజను ధరతో ఇచట ఒక కూలి కుటుంబం నెల గడుపగలదు. ఉర్దూ మిత్రులు ‘షౌక్’ అనే మాటలో కొంత మోజు, కొంత దుబారా రెండూ ధ్వనిస్తాయి. అందుకే నేను రైలు కొనమనుట లేదు. రైలు లేకుండానే మొదలుపెట్టమంటున్నాను.

రెండు ఇనుప పట్టీలు, ఒక బ్యాటరీ, వాహనాల విద్యుత్ పనిచేసే అంగళ్లలో దొరికే ఒక రిలే, ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం, తగిన నిరోధకం ఒకటి చాలు. పట్టీల ఒక కొసన నిరోధకం గుండా బ్యాటరీ, రెండవ కొసన రిలే కలపండి. రిలే పట్టుకొని ఉన్నంతసేపు పచ్చ దీపం. పట్టీల మీద ఒక ఇనుప ఇరుసు పెట్టగానే విద్యుత్తు దాని గుండానే పోయి రిలే వదలుతుంది, ఎర్ర దీపం వెలుగుతుంది. నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. ముందు బండి ఉన్నదని ఆ బండి ఇరుసే చెబుతుంది. పట్టీకి కలిపిన తీగ తెగినా ఎర్ర దీపమే వెలుగుతుంది. సందేహం కలిగినప్పుడు ఆగుమనుట ఇందలి ధర్మం. అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో కనిపెట్టిన ఈ సూత్రం ఇప్పటికీ రైల్వేలను కాపాడుతున్నది.

ఇది అబ్బిన పిమ్మట ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చెక్క పలక మీద అండాకారపు పట్టా ఒకటి, పాత పద్ధతి ఇంజను ఒకటి కళాశాల పక్షాన కొనవచ్చును. ఆ పైన డిజిటల్. ఆ ఆజ్ఞలను పంపే పెట్టెను ఆర్డుయినో వంటి చవక పలకతో విద్యార్థులే తయారు చేసికొనగలరు. దానికి కావలసిన ప్రోగ్రాములు ఉచితంగా లభిస్తున్నవి.

ఇది కొత్త ఆలోచన కాదు. రైల్వే శిక్షణ సంస్థలలో నమూనా గదులుండుట, చిన్న పట్టాల మీద పెద్ద పాఠాలు చెప్పుట ఉన్నదే. పుణె నగరంలో జోషిగారి చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998 నుండి పిల్లలను ఆకర్షిస్తున్నది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1946లో వెలసిన నమూనా రైలు సంఘపు విద్యార్థులు తమ పట్టాల క్రింద తీగలు కలుపుతూ కలుపుతూ కంప్యూటర్ల వైపు మళ్లి, ఆ రంగంలో తొలి నిపుణులలో కొందరైనారు. వారికి లేని తెలివి మనవారికి లేకపోలేదు. తీగలు కలుపుటకు ఒక బల్ల మాత్రమే కొరవడినది.

కావున కళాశాల యాజమాన్యమునకు నా విన్నపం ఇది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూల, వారానికి ఒక సాయంకాలం, ఒక పాత బల్ల ఇప్పించండి. తెలుగు, ఉర్దూ మాధ్యమాల పిల్లలు ఆ బల్లకు చెరొక ప్రక్క కూర్చుందురు గాక. విద్యార్థులకు చెప్పేది ఒక్కటే. ఈసారి హిందూపురం ప్లాట్‌ఫారం మీద నిలబడినపుడు బండి కొరకే చూడకండి. బండి దాటిపోగానే సిగ్నల్ దీపం ఏ రంగునకు మారునో చూడండి. ఎందుకు మారెనో తోటివానికి చెప్పగలిగిననాడు మీ చదువు మొదలైనట్లే.