లెక్కకు రాని ఆరు లక్షలమంది

2019లో దేశంలో 24 లక్షల క్షయ కేసులు నమోదయ్యాయి. కోవిడ్ వచ్చిన 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గిందని మురిసిపోదామా? అదే ఏడు ప్రపంచంలో క్షయ మరణాలు పదేళ్ళ తర్వాత మొదటిసారి పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. క్షయ సిబ్బందినీ, క్షయను కనిపెట్టే సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలనూ కోవిడ్ పనికి మళ్ళించారు. బస్సులు లేవు. దగ్గితే కరోనా అంటారని జనం నోరు మూసుకున్నారు.

నిక్షయ్‌లో పేరెక్కితేనే 2020లో పోషణకు నెలకు 500 రూపాయలు వచ్చేవి. పేరు లేకపోతే అదీ లేదు, ఇంట్లో పిల్లలను పరీక్షించేవారూ లేరు. బెంగళూరులో మందులు మొదలుపెట్టి, లాక్‌డౌన్‌లో ధర్మపురి జిల్లా కడత్తూరు వంటి ఊరికి నడిచొచ్చిన తెలుగు కూలీ ఎవరి లెక్కలోకి వస్తాడు?

పాలకులను మాత్రమే తిడితే మేము అబద్ధికులమవుతాం. మేమూ పాస్టర్లమే. జూమ్‌లో ఆరాధన జరిపాం, కానుకల లెక్క రూపాయితో సహా చూసుకున్నాం. ఆరాధనకు రాని అక్క ఎందుకు రాలేదో అడగలేదు. (ఆమెకు ఫోనే లేదు.) నూరు గొర్రెల కాపరి లెక్కపెట్టాడు గనుకే ఒకటి తప్పిపోయిందని తెలిసింది!

యువతీయువకులారా, ఈ ఆదివారం కానుకల లెక్క చదవకముందే, రెండు వారాలుగా దగ్గుతున్నవారు మన వీధిలో ఎవరున్నారో వెతకండి. సోమవారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మేమూ వారి వెంట వస్తాం.