ఇంటి ముచ్చట: కారులో శాటిలైట్ ఫోను



క్రిందటి నెలలో మేము ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసితిమి. ఈ నెల జాడీలను విడిచి ఆకాశమున కెక్కుచున్నామని మీరు నవ్వవచ్చును. కాని దీనికి కారణము నెల్లూరినుండి వచ్చిన యొక జాబు.

ఆ జాబు వ్రాసిన సోదరి కుమార్తెయు, అల్లుడును ఆస్ట్రేలియా దేశమున అడిలెయిడ్ నగరమునందు కాపురమున్నారు. రానున్న సెలవులలో ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని కారులో ఆలిస్ స్ప్రింగ్స్ పోదలచినారట. త్రోవలో చాలచోట్ల సెల్ ఫోను పలుకదు గావున కారులో శాటిలైట్ ఫోను బిగింపించుకొందుమని తల్లికి తెలిపినారు. "అది యెట్టి వస్తువు? దానివలన కారులో నిప్పు పుట్టునా? పిల్లల కేమైన హాని కలుగునా? దానిని నమ్ముకొని ఎడారిలోనికి పోవచ్చునా?" అని ఆమె మమ్ము అడిగినది. తల్లి మనస్సు గదా! ఇట్టి తల్లులు నేడు మన జిల్లాలలో ఎందరో కలరు. కావున సమాధానమును ఈ పుటలోనే వ్రాయుచున్నాము.

అడిలెయిడ్ నుండి ఆలిస్ స్ప్రింగ్సునకు దారి సుమారు 1,500 కిలోమీటర్లు. మన హైదరాబాదునుండి ఢిల్లీకి పోయినంత దూరము. అయితే మన దారిలో అడుగడుగునకు ఊళ్లు. అక్కడ ఒక పెట్రోలు బంకు దాటిన మరల గంటలకొలది ఎఱ్ఱమన్నును తుప్పలును దక్క మఱేమియు కానరాదు. ఆ దేశమున జనులలో మిక్కిలి పెద్ద భాగమునకు సెల్ ఫోను అందుచున్నను, దేశ విస్తీర్ణములో సగమునకైన అందదు. ఏలయన జనులెల్లరు సముద్రతీర నగరములలో నుందురు, లోపలిదేశము బయలు.

ఈ చిక్కు ఆ దేశపు స్త్రీలకు క్రొత్తది కాదు. 1928 సంవత్సరమున జాన్ ఫ్లిన్ అను మతబోధకుడు క్వీన్సులాండులోని క్లాన్‌కరీ అను ఊర విమాన వైద్యసేవను నెలకొల్పెను. వైద్యుడు విమానమెక్కి రాగలడు. కాని ఆయనను రమ్మని పిలుచుట యెట్లు? 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను యంత్రజ్ఞుడు కాలితో త్రొక్కి విద్యుత్తు పుట్టించు రేడియోను ఆ లోతట్టు పశువుల క్షేత్రములకు తెచ్చెను. ఆ యింటి యిల్లాలు మనము కుట్టుమిషను త్రొక్కునట్లు త్రొక్కుచు, చేతితో సంకేతములు కొట్టి వైద్యునికి కబురు పంపెడిది. 1951లో ఆలిస్ స్ప్రింగ్సునందు రేడియో బడియు తెఱవబడెను. వందల మైళ్ల దూరముననున్న పిల్లలు ఇంటనే కూర్చుండి పంతులమ్మ గొంతు వినిరి. కావున శాటిలైట్ ఫోను ఏదో విలాసవస్తువనుకొనరాదు. అది ఆ త్రొక్కుడు రేడియోకు మనుమరాలు.

ఇక అది పనిచేయు తీరు. మామూలు సెల్ ఫోను దగ్గరనున్న స్తంభముతో మాటలాడును; స్తంభము లేనిచోట మూగవోవును. శాటిలైట్ ఫోనునకు స్తంభముతో పనిలేదు. అది తిన్నగా ఉపగ్రహముతో మాటలాడును. 1998 నవంబరులో సేవ మొదలిడిన ఇరిడియం వారి ఉపగ్రహములు 66 భూమికి సుమారు 780 కిలోమీటర్ల యెత్తున, ఇంచుమించు నూఱు నిమిషముల కొకసారి భూమిని చుట్టివచ్చును. మన నెత్తిమీద నొక్కొక్కటి కొలది నిమిషములే యుండి, కూలివాండ్రు ఇటుకలను చేతినుండి చేతికి అందించుకొన్నట్లు, మన మాటను వెనుక వచ్చుదానికి అప్పగించి పోవును. 1979లో ఓడలకొఱకు ఏర్పడిన ఇన్‌మార్సాట్ వారివి భూమధ్యరేఖకు పైని, సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, ఒకేచోట నిలిచినట్లు కానవచ్చును. అంత యెత్తునకు మాట పోయి దిగివచ్చుటకు పావు సెకను పట్టును. మాఱుమాట వచ్చుటకు మఱియొక పావు సెకను. కావున ఒకరు ముగించినపిదపనే రెండవవారు మాటలాడవలెను. మన యిండ్లలోవలె ఇద్దరును ఒక్కసారి మాటలాడిన ఎవరి మాటయు ఎవరికిని దక్కదు.

రెండు జాతులకును కావలసినది ఒక్కటే: అడ్డములేని ఆకాశము. ఈ సంగతి మేము పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. కొన్నియేండ్ల క్రిందట మేము మా పినతల్లి కుమార్తె యింటికి ఆ దేశమునకు పోయియుండగా, అందఱము కలిసి ఊడ్నడాటా త్రోవ అను మట్టిబాట వెంబడి పోతిమి. మధ్యాహ్నమువేళ బండి ఇసుకలో దిగబడినది. దాని ఆరేండ్ల చిన్నవాడు ఎండదెబ్బ తగిలి వాంతులు చేసుకొనుచుండెను. మఱదిగారు అద్దెకు తెచ్చిన శాటిలైట్ ఫోను తీసి, పిల్లవానిని ఒడిలోనుంచుకొని కారులో కూర్చుండియే పదినిమిషములు ప్రయత్నించిరి. ఫోను వెదకుచునే యుండెను గాని పలుకలేదు. కారుపైన ఇనుప రేకు, అద్దములకు ఎండ ఆపు పొర. ఇక ఉపగ్రహ మెట్లు కనబడును? బయటికి వచ్చి నిలుచున్న కొంతసేపటికి పలికినది. "మీరెక్కడ నున్నారు?" అని అవతలివారు అడిగిరి. మాలో ఒక్కరికిని తెలియదు! కాగితములు వెదకునంతలో ఫోను చల్లబడినది. రెండు నెలల క్రిందట నింపిన చార్జి అది. కారులో నింపుకొను తీగ ఇంటనే మఱచితిమి. "అక్కా, దేవుడున్నాడులే" అని మా చెల్లెలు మాకు ధైర్యము చెప్పినది కాని, దాని చేతులు వణకుట మేము చూచితిమి. మూడు గంటల పిమ్మట పశువుల క్షేత్రమునుండి ఒక లారీ వచ్చి మమ్ము లాగినది. పిల్లవాడు నేడు చక్కగా నున్నాడు. కాని ఆ మూడు గంటలను మేము మఱవలేదు. తప్పు ఉపగ్రహముదికాదు, ఫోనుదికాదు, మాది.

కావున ఫోనును సంచిలో వేసికొని పోవుటకంటె కారులో బిగింపించుకొనుటయే మేలు. అట్లు బిగించుటలో మూడు భాగములు కలవు. ఫోను కూర్చుండు పీట ఒకటి. కారు పైకప్పున ఏరియలు ఒకటి. బ్యాటరీనుండి వచ్చు తీగ ఒకటి.

ఏరియలును కప్పుపైన చదునైన చోట, ఆకాశము అన్నివైపుల కనబడునట్లు బిగించవలెను. కప్పుపైన సామానులు కట్టు అలవాటున్న యెడల అవి దానిని కప్పకుండ చూచుకొనవలెను. పరుపుచుట్ట క్రింద దాగిన ఏరియలు చీకటికొట్టులోని దీపమువంటిది. ఇతర రేడియోల ఏరియళ్లకు దగ్గరగా పెట్టరాదు. దానినుండి లోపలికి వచ్చు తీగ ఎంత పొడవైన అంత బలము త్రోవలో ఖర్చగును. కావున తయారుచేసినవారు చెప్పిన కొలతను మించరాదు. దానిని మడతపడనీయరాదు, తలుపు సందున నలుగనీయరాదు. కప్పుకు రంధ్రము చేసినచో నీరు దిగకుండ రబ్బరు బిళ్ల వేయించవలెను.

విద్యుత్తు తీగను కారు బ్యాటరీనుండి తెచ్చునపుడు, బ్యాటరీకి దగ్గరలోనే తగిన ఫ్యూజు ఉండితీరవలెను. నెల్లూరి సోదరి మొదట భయపడినది దీనికే. తీగ ఎక్కడనైన ఒరసుకొని ఇనుమునకు తగిలినచో ఫ్యూజు తాను కాలిపోయి కారును కాపాడును. ఫ్యూజు లేనిచో తీగయే కాలును. ఈ పనిని చవుకగా చేయు చేతికి కాక, కారు విద్యుత్తుపని తెలిసినవానికి అప్పగించవలెను.

పీటను బండి నడుపువారి చూపునకు అడ్డముగా పెట్టరాదు. ప్రమాదవేళ గాలిసంచి విచ్చుకొను చోట అసలే పెట్టరాదు. ఆ విసురునకు ఫోను రాయివలె వచ్చి మొగమునకు తగులును. ఆ మట్టిబాటలు మన రోకటిపోటులవలె కుదుపును గావున మరలన్నియు గట్టిగా బిగించి, ప్రయాణమునకు ముందు మరల చూచుకొనవలెను.

పిల్లల హాని మాట. మాటలాడునపుడు ఏరియలు రేడియో కిరణములను వెడలించును. అది కప్పుపైన నున్నచో లోపల కూర్చున్నవారికిని దానికిని నడుమ ఇనుప రేకు అడ్డముండును. ఇది చేతిఫోనుకంటె మేలే. కాని ఫోను పలుకుచుండగా పిల్లలను కప్పుమీది కెక్కనీయరాదు. ఏరియలునకు ఎంతదూరముండవలెనో పుస్తకములో వ్రాసియుండును, దానిని పాటించవలెను.

బండి నడుపుచు మాటలాడరాదు. ఆస్ట్రేలియా రాష్ట్రములన్నిటను నడుపువారు ఫోను చేతబట్టుట నేరము. నేరము కాకున్నను అది తెలివి కాదు. బాటప్రక్కను ఆపి, చెట్లకును కొండచఱియకును దూరముగా నిలిపి మాటలాడవలెను. ఎండలో నిలిపిన కారులో ఫోనును విడిచిపోరాదు. ఆ వేడికి దాని బ్యాటరీ చెడును.

బయలుదేరు ముందు ఇంటి వాకిట నొకసారి, ఊరు దాటిన పిమ్మట నొకసారి పిలిచి చూడవలెను. చందా గడువును చూచుకొనవలెను. ఆపదవేళ ఏ నంబరు పిలువవలెనో అమ్మినవారిని ముందే అడిగి, ఆ నంబరును, విమాన వైద్యుల నంబరును ఒక అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసి పీటప్రక్కను అంటించవలెను. దాని క్రింద ఈ వరుస వ్రాయుడు: మేమెవరము, అక్షాంశ రేఖాంశములు, ఏమి జరిగినది, ఎందరము, నీరెంత యున్నది. భయపడిన మనిషికి తన పేరే గుర్తురాదు, అట్టకు భయములేదు. అక్షాంశములను ఫోనులో చూచుట ఇంటిల్లిపాదికిని, బడికిపోవు పిల్లలకు సైతము, నేర్పవలెను. నడుపువారే స్పృహతప్పినచో పిలువవలసినది మిగిలినవారే గదా.

ఒక్క ఫోనునే నమ్మవచ్చునా? నమ్మరాదు. 2024 ఏప్రిలులో తురాయా వారి మూడవ ఉపగ్రహము చెడిపోగా ఆస్ట్రేలియాలో ఆ ఫోనులన్నియు ఒక్కసారిగా మూగవోయినవి. కొనినవారి తప్పేమియు లేదు. ఐనను మాట పోయినది. కావున ఆపదను సూచించు చిన్న బీకను పరికరము వేఱుగా నుండవలెను. త్రాగునీరు లెక్కకంటె మిగులుగా నుండవలెను. ఏ దినమున ఏ యూరు చేరుదురో ఇంట నొకరికి చెప్పిపోవలెను. బండి చెడినచో దానిని విడిచి నడచిపోరాదు. వెదకువారికి మనిషికంటె కారు త్వరగా కనబడును.

కడపట ఒక ముఖ్యమైన మాట. అల్లుడుగారు సెలవులకు ఇండియా వచ్చునపుడు ఆ ఫోనును పెట్టెలో పెట్టుకొని రారాదు. మన దేశమున ప్రభుత్వ అనుమతి లేక శాటిలైట్ ఫోను కలిగియుండుట నేరము. 2017 నుండి బి.ఎస్.ఎన్.ఎల్. వారు ఇన్‌మార్సాట్ ఫోనులను అనుమతిగలవారికి ఇచ్చుచున్నారు. ఇరిడియం, తురాయా ఫోనులకు చోటులేదు. తెలియక తెచ్చి విమానాశ్రయములలో పట్టువడినవారు కలరు. ఎడారిలో ప్రాణము కాపాడిన వస్తువు ఇచ్చట చెఱసాలకు దారితీయరాదు గదా!

నెల్లూరి సోదరీ, మీ నాలుగు ప్రశ్నలకును ఇదే మా సమాధానము. వస్తువు మంచిదే. ఫ్యూజు వేసిన నిప్పు భయములేదు. దూరము పాటించిన పిల్లలకు భయములేదు. తోడుగా నీరును, జాగ్రత్తయు నున్న ఎడారికి పోవచ్చును. ఈ పుటను కత్తిరించి అమ్మాయికి పంపుడు. ఆలిస్ స్ప్రింగ్సు చేరినదినమున మీకొక పిలుపు చేయుమని చెప్పుడు. ఆ పిలుపు వచ్చిన వార్త మాకును ఒక కార్డుముక్కపై వ్రాయుడు, మేమును ఎదురుచూచుచుందుము.