పండును పండుగా తిననిద్దాం

వంకాయ, బెండకాయ, దొండకాయ అని కాయలుగానే పిలుస్తాం. టమాటాను మాత్రం మన ఊళ్ళలో నేటికీ పండు అనే అంటారు. కోస్తా జిల్లాలలో పెద్దవారు దానిని రామములగ పండు అన్నారు. పేరులో పండైన ఈ పదార్థం మన ఇళ్ళలో పండుగా పళ్ళెంలోకి రావడం మాత్రం అరుదు. పప్పులోకో, చారులోకో, మాంసపు కూరలోకో పులుపు కోసం వెళుతుంది. అక్కడితో దాని పని ముగుస్తుంది. తాజా పండును కడిగి, కోసి ఇస్తే పిల్లలు ముఖం చిట్లించి పక్కన పెడతారు. “మా పిల్లలకు టమాటా పడదు” అని తల్లిదండ్రులు తీర్పు చెప్పేస్తారు. ఈ తీర్పు తొందరపాటుతో కూడినదని మా అభిప్రాయం.

ఈ పండు మనకు పరాయి దేశం నుంచి వచ్చినది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం దాని పుట్టిల్లు. మెక్సికో ప్రజలు దానిని సాగుచేసి పెంచారు; వారి నహువాటల్ భాషలోని మాటే నేటి టమాటా, మన ఉర్దూలోని టమాటర్. 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి ద్వారా ఐరోపా చేరినప్పుడు, విషపు మొక్కల కుటుంబానికి చెందినదనే భయంతో చాలామంది చాలాకాలం దానిని నోట పెట్టలేదు. పెద్దలైన ఐరోపా వారికే ఇన్ని తరాలు పట్టగా, నాలుగేళ్ళ పసివాడు ఒక్క పూటలో ఒప్పుకోలేదని కోపించడం ఏమి న్యాయం?

మరొక ఉదాహరణ మన పళ్ళెంలోనే ఉన్నది. మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వారి ద్వారా మనకు వచ్చినదే. పుట్టుకతో కారాన్ని ఇష్టపడే శిశువు లోకంలో లేడు. అయినా గుంటూరు పిల్లవాడు పదేళ్ళు వచ్చేసరికి ఆవకాయ లేనిదే ముద్ద ఎత్తడు. అతనికి మిరపకాయ గుణగణాలపై ఎవరూ ఉపన్యాసమివ్వలేదు. అమ్మ వేలి కొసన కొంచెం అంటించి, వేడి అన్నంలో నెయ్యి ఎక్కువ వేసి, రోజు రోజుకూ కాస్త కాస్త పెంచింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో పెద్దలందరూ ఇష్టంగా తినడం అతడు చూశాడు. రుచి నేర్చుకునే విద్య అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. కారాన్ని నేర్పగలిగిన జాతి టమాటా పండును నేర్పలేకపోవడమేమిటి?

శాస్త్రజ్ఞులు కూడా ఈ మాటే చెబుతున్నారు. పసివారు సహజంగా తీపిని ఆదరిస్తారు, చేదును తిరస్కరిస్తారు. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య కొత్త పదార్థమంటే జంకు ఎక్కువ. ఈ జంకు పరిచయంతో తగ్గుతుంది. అమెరికాలో లియాన్ బర్చ్ అనే మనోవిజ్ఞానవేత్త 1982లో ప్రకటించిన పరిశోధనలో, రెండేళ్ళ పిల్లలు ఒక కొత్త పదార్థాన్ని ఎన్నిసార్లు రుచి చూస్తే దానిపై ఇష్టం అంతగా పెరిగినట్లు తేలింది. 2003లో ఇంగ్లండులో జేన్ వార్డిల్ బృందం, పిల్లలకు నచ్చని ఒక కూరగాయను తల్లిదండ్రుల చేత 14 రోజులు రోజుకొక చిన్న ముక్కగా రుచి చూపించగా, వారి ఇష్టమూ తినే పరిమాణమూ రెండూ పెరిగాయి. మన ఇళ్ళలో జరిగేదేమిటి? రెండుసార్లు పెట్టి చూసి, మూడోసారి మానుకుంటాం.

మానుకోని వారు మరో పొరపాటు చేస్తారు. “టమాటా తింటే మిఠాయి ఇస్తాను” అని ఆశ పెడతారు, లేదా కన్నెర్ర చేస్తారు. లంచం ఇచ్చి తినిపించవలసిన వస్తువు మంచిది కాదని పిల్లవాడు గ్రహిస్తాడు. అతని తర్కంలో దోషం లేదు. బహుమతి ఆశ చూపి తాగించిన పానీయంపై పిల్లలకు ఇష్టం తగ్గినట్లు 1984లో బర్చ్ బృందమే చూపింది. బెదిరింపుతో కడుపు నింపవచ్చునేమో గాని నాలుకను ఒప్పించలేము.

ఇక పండు సంగతి. నిజం చెప్పాలంటే మనం పిల్లల ముందు పెట్టే టమాటా అనేకసార్లు తిరస్కారానికి అర్హమైనదే. దూరప్రయాణానికి తట్టుకునేలా దోరగా కోసి, దారిలో రంగు తిరిగిన గట్టి పండు అది. దానిని తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాం. 12 డిగ్రీల కంటే తక్కువ చలిలో టమాటా తన పరిమళాన్ని పోగొట్టుకుంటుందని శాస్త్రజ్ఞులు నిరూపించారు. వాసన లేని, చల్లని, చప్పని ముక్కను పిల్లవాడు ఉమ్మివేస్తే అతని నాలుక సరిగా పనిచేస్తున్నదని సంతోషించాలి. చెట్టున పండిన నాటు పండునో, పలుచని తోలు గల పూసా రూబీ వంటి రకాన్నో తెచ్చి, గదిలో మాగనిచ్చి, బాగా కడిగి, కోసిన వెంటనే ఇచ్చి చూడండి. మొదట్లో లోపలి గుజ్జు జిగట కొందరికి గిట్టదు. దానిని తీసి కండ మాత్రమే ఇవ్వవచ్చు. ఉప్పు రవ్వంత, వేయించిన జీలకర్ర పొడి చిటికెడు చల్లవచ్చు. పెరుగు పచ్చడిలో కలపవచ్చు. ఉల్లి, కీరాలతో కచూంబర్ చేసి దస్తర్‌ఖాన్ మీద అందరితో పాటు పెట్టవచ్చు. మరీ పసివారికి చిన్న గుండ్రని పండ్లను నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. లేకపోతే గొంతుకడ్డం పడే ప్రమాదముంది. పండు తగిలి నోటిచుట్టూ దద్దుర్లు వచ్చే పిల్లలను మాత్రం వైద్యునికి చూపించాలి గాని బలవంతపెట్టరాదు.

“వండిన టమాటా తింటున్నారు కదా, వండనిది ఎందుకు?” అని కొందరు అడుగుతారు. ఉచితమైన ప్రశ్నే. పండుకు ఎరుపునిచ్చే లైకోపిన్ నూనెతో వండినప్పుడే శరీరానికి బాగా అందుతుంది. కాని వేడికి తగ్గిపోయే సి విటమిన్ తాజా పండులోనే ఎక్కువ. ధాన్యాలలో, ఆకుకూరలలో ఉన్న ఇనుము ఒంటబట్టడానికి అది తోడ్పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లలలో 67 శాతం రక్తహీనులు. టమాటా ఒక్కటే ఈ రోగానికి మందు అనడం అతిశయోక్తి; కాని పప్పన్నం పక్కన రెండు తాజా ముక్కలు ఉండడం పేదవానికీ సాధ్యమైన మేలు. పొయ్యి అక్కరలేదు, నూనె అక్కరలేదు. నాలుగో వంతుకు దగ్గరగా చక్కెర ఉండే సాసు సీసానే టమాటా అనుకుని పెరిగే పిల్లలకు అసలు పండును పరిచయం చేయడం పెద్దల బాధ్యత కూడా.

2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటిన మాట నిజమే. అయితే ధర పడిపోయిన రోజులలో మదనపల్లె వంటి పెద్ద మార్కెట్లున్న ప్రాంతాలలోనే రైతు కోతకూలి కూడా రాక పండ్లను పారబోయడం కూడా మనం చూసినదే. రైతు పారబోసే కాలంలోనైనా మన పిల్లలు తినడం నేర్వకపోతే అది ఇరువురికీ నష్టం.

కావున కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన ఆవరణలో ఖాళీ నేలకు కొదువ లేదు. సెప్టెంబరులో నారు పోసి, 25, 30 రోజులకు నాటితే చలికాలంలో పండ్లు కోతకు వస్తాయి. ఒక చిన్న మడిని విద్యార్థులకు అప్పగించి, చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల పిల్లలను పిలిచి వారి చేతులతో కోయించండి. తాను కోసిన పండును కొరకని పిల్లవాడు అరుదు. హాస్టల్ భోజనంలో కూడా వారానికి మూడు పూటలైనా తాజా టమాటా ముక్కలు పెట్టించండి.

విద్యార్థులకు ఒక మాట. మీలో చాలామంది రేపు ఉపాధ్యాయులవుతారు, అందరూ ఏదో ఒక ఇంట అన్నలో, అక్కలో, తల్లిదండ్రులో అవుతారు. పసివారు మన మాటలను వినేదానికంటే మన పళ్ళేలను ఎక్కువగా చూస్తారు. ముందు మీరు ఇష్టంగా తినండి. పక్కన ఒక ముక్క పెట్టి ఊరుకోండి. పది రోజులు తినకపోయినా పదకొండో రోజున కూడా పెట్టండి. ఓర్పు వంటింట్లో కూడా గురువే.