ఇంటి తూటా ఇంటికే ముప్పు

వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే రోజులు వచ్చాయంటే జిల్లాలో అడవి అంచు గ్రామాల రైతుకు కంటిమీద కునుకు ఉండదు. పలమనేరు, కుప్పం వైపు చేలలో అడవి పందుల మంద ఒక్క రాత్రి పడితే చాలు, తెల్లవారేసరికి చేను నాగలితో దున్నినట్లు ఉంటుంది. విత్తనానికి చేసిన అప్పు, ఎరువుకు చేసిన అప్పు అలాగే నిలుస్తాయి. కాయ మాత్రం నిలవదు. ఇటువంటి స్థితిలో తుపాకి పట్టిన రైతును తప్పు పట్టడం సులభమే గాని, అతని చేనిగట్టున ఒక రాత్రి కూర్చుని చూడడం కష్టం.

అయితే ఆ తుపాకిలో ఏమి నింపుతున్నారన్నది వేరే ప్రశ్న. అంగట్లో తూటా వెల సన్నకారు రైతుకు భారమే. లైసెన్సు ఉన్న అంగడి పట్టణంలో గాని ఉండదు. పోను రాను బస్సు చార్జీలు, ఒక దినం కూలి పోతాయి. అందుచేత కొందరు పేల్చిన ఖాళీ తూటాలనే మళ్లీ నింపుకుంటున్నారు. మరికొందరు నాటు తుపాకికి మందు ఇంట్లోనే తయారుచేసి, సీసం కరిగించి గుండు పోసుకుంటున్నారు. సీసం దొరకనప్పుడు సైకిలు బాల్సే గతి. నాలుగు రూపాయలు మిగులుతాయన్నదే వారి లెక్క.

ఈ లెక్కలో ఖర్చు వైపు వేయవలసినవి చాలా ఉన్నాయి. తుపాకి మందు కట్టెల పొయ్యిలోని మంట వంటిది కాదు. అది గొట్టంలో ఎంత ఒత్తిడి పుట్టిస్తుందన్నది దాని రకాన్ని బట్టి, తూకాన్ని బట్టి, ముందున్న గుండు బరువును బట్టి మారుతుంది. నల్లమందుకు తయారైన పాత గొట్టంలో పొగలేని మందు పోస్తే గొట్టం చీలుతుంది. మందుకూ గుండుకూ నడుమ ఖాళీ మిగిలినా గొట్టం ఉబ్బి పగులుతుంది. పగిలినప్పుడు ముందుగా పోయేది గొట్టాన్ని పట్టుకున్న ఎడమ చేతి వేళ్లు, ఆ తరువాత కళ్లు. మందు చెమ్మగిల్లి ఉంటే గుర్రం పడిన వెంటనే పేలదు. ఎందుకు పేలలేదా అని మూతివైపు తొంగి చూసిన క్షణంలోనే పేలవచ్చు.

ఇంట్లో తూటాలు నింపుకోవడం అమెరికాలో ఎందరికో అలవాటే. ఆ మాట విన్నవారు మనకెందుకు కాదని అడుగుతారు. అక్కడ ఫలానా కంపెనీ మందు అని ముద్ర వేసిన డబ్బా అంగట్లో దొరుకుతుంది. ఏ మందు, ఏ తూటాకు, ఏ గుండుకు ఎంత పోయాలో తయారీదారులే పట్టికలు అచ్చు వేసి ఇస్తారు. దానిని గ్రెయిన్ల లెక్కన తూచే త్రాసులు ఉంటాయి. ఒక గ్రెయిను అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. అంత జాగ్రత్త ఉన్న చోట కూడా పొరపాటు చేసినవారి తుపాకులు చీలిపోయాయి. మన పల్లెలో ముద్ర లేని మందు, చెంచా కొలత, కంటి అంచనా తప్ప మరేమున్నది?

మందు కలిపే ఇల్లు సంసారం చేసే ఇల్లే. పొయ్యి, దీపం, బీడీ, ఆడుకునే పిల్లలు అన్నీ అక్కడే. మందు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక సీసం సంగతి. వంట గిన్నెలో, వంట పొయ్యి మీద దానిని కరిగిస్తే వచ్చే పొగ, రాలే దుమ్ము కంటికి కనిపించకుండానే ఒంట్లో చేరుతాయి. చిన్నపిల్లల మెదడుకు సీసం చేసే కీడు మళ్లీ బాగయ్యేది కాదని వైద్యులు చెబుతున్నారు.

అన్నిటినీ మించిన ముప్పు పక్క చేని రైతుకు. చిన్న రవ్వల తూటా కొంత దూరం పోయేసరికి బలం కోల్పోతుంది. పందికి రవ్వలు చాలవని వాడే ఒంటి గుండు అలా కాదు. గురి తప్పితే అరకిలోమీటరు దాటి కూడా మనిషి ప్రాణం తీయగలదు. మన చేలు ఎకరా, అరెకరా ముక్కలు. ప్రతి చేనికీ ఒక మంచె, ప్రతి మంచెమీద ఒక మనిషి. చీకట్లో ఆకులు కదిలితే పంది అనుకుని కాల్చిన గుండు, సాటి రైతును బలిగొంటే దానికి పరిహారం ఏ పంటలో వస్తుంది?

తుపాకి బదులు అదే మందుతో నాటు బాంబులు కట్టి ఎరలో పెట్టేవారు మరికొందరు. ఆ బాంబుకు పంది ఏదో, పాడి ఆవు ఏదో తెలియదు. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడు జిల్లాలో పేలుడు పదార్థం పెట్టిన పండు కొరికి కడుపుతో ఉన్న ఏనుగు చనిపోయిన ఉదంతం దేశమంతా ఎరిగినదే. కౌండిన్య అడవి ఏనుగులు తిరిగే ఈ జిల్లాకు అది దూరపు వార్త కాదు.

చట్టం విషయంలో కూడా అపోహలు వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకిని గాని, తూటాను గాని తయారు చేయరాదు. 2019లో జరిగిన సవరణతో ఈ నేరానికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెరిగింది. “నా చేనికోసమే” అన్న మాట కోర్టులో రైతును కాపాడదు. తూటాకు మిగిల్చిన డబ్బు వకీలు ఫీజుకు ఒక వాయిదాకు కూడా చాలదు.

అదే చట్టంలో రైతుకు మేలు చేసే మాట కూడా ఉన్నది. నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు అడిగే హక్కును 13వ సెక్షను గుర్తించింది. అది చాలదని అధికారికి తోస్తే మరో రకం తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చరాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షను ప్రకారం, పంట నాశనం చేసే పంది విషయంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడో, ఆయన అధికారమిచ్చిన అధికారో వ్రాతమూలకంగా అనుమతి ఇవ్వవలసి ఉన్నది.

చిక్కు ఇక్కడే ఉన్నది. కాగితం మీద దారి ఉన్నా అది రైతు గుమ్మం దాకా రాదు. అర్జీ పెట్టుకున్నవాడు రెవెన్యూ కచేరీకి, పోలీసు ఠాణాకు, అటవీ కార్యాలయానికి తిరిగి తిరిగి వచ్చేలోగా పంట పంది పాలవుతుంది. అక్రమమైన దారి ఇంటి అటకమీదే ఉండి, సక్రమమైన దారి యాభై కిలోమీటర్ల దూరాన ఉంటే పేదవాడు దేనిని పట్టుకుంటాడో ఊహించడం కష్టం కాదు. దాడులు చేసి నాటు తుపాకులు పట్టుకోవడంతోనే అధికారుల బాధ్యత తీరిపోదు. పంట కాలానికి ముందే మండల కేంద్రాలలో మూడు శాఖలూ కలిసి కూర్చుని అర్జీలు తీసుకుని అక్కడికక్కడే పరిష్కరించాలి. పంట నష్టాన్ని వారంలోగా చూసి పరిహారం ఇస్తే సగం తుపాకులు వాటంతట అవే మూలపడతాయి.

రైతులు చేయగలిగినదీ ఉన్నది. వేరుశనగ చుట్టూ నాలుగు వరుసలు ముళ్ల కుసుమ దగ్గర దగ్గరగా వేస్తే పంది లోపలికి రావడానికి జంకుతుంది. మొక్కజొన్న చుట్టూ ఆముదం వేసినా మేలే. పది మంది రైతులు కలిసి సోలారు కంచె వేసుకుంటే ఒక్కొక్కరికి ఖర్చు తగ్గుతుంది, వంతులవారీ కాపలా కూడా కుదురుతుంది. సోలారు కంచెకు, కరెంటు తీగకు పోలిక లేదు. మొదటిది జడిపించి పంపుతుంది, రెండవది మనిషినీ పశువునూ చంపుతుంది. చేనికి కరెంటు తీగ లాగడం ఇంటి తూటా కన్నా తక్కువ పాపం కాదు.

పోయిన పంటను మరుసటి కారులో తిరిగి పండించవచ్చు. పోయిన చేతిని, పోయిన చూపును, పక్క ఇంటి మనిషిని ఏ కారూ తిరిగి ఇవ్వదు. అటకమీద మందు డబ్బా ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాటను ముందుగా ఇల్లాలు అడగాలి. రైతు చేత ఆ డబ్బా దింపించే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.